గుడ్ల బండి ఎడమ పక్క

సెర్వా మొదట చెప్పింది బండి సంగతి కాదు, గుడ్ల సంగతి.
"కుడి పక్క ట్రేల్లో ఒకటీ అరా.
ఎడమ పక్క, ఇదిగో" అని చెయ్యి చూపించింది.
మణికట్టు దాకా సొన ఎండి చారలు కట్టింది.

కుమాసీలో మా వీధికి పేరు లేదు.
గేర్ల సందు దాటాక అద్దాల సందు,
అది దాటాక నూనె బురదలో
చెప్పు ఇరుక్కుపోయే చోటు, అదే మాది.

ప్యూజో అయిదువందల నాలుగు, పొడుగుది,
నాకంటే పదకొండేళ్ళు పెద్దది.
వెనక ఇరుసుకి పక్కకి రెండేసి స్ప్రింగులు.
బెడియాకో టార్చి నోట కరుచుకుని కింద పడుకున్నాడు.
చాలాసేపు చెప్పులు మాత్రమే కనపడ్డాయి.
తర్వాత ఒక ముక్క బయటికి దొర్లింది.
విరిగిన చోట సగం పాత తుప్పు, సగం కొత్త మెరుపు.
"ఇది మొన్న విరగలేదు.
పోయినేడు మొదలెట్టి మొన్న పూర్తి చేసింది."

అసలుది దొరకదు.
ఆ మాట ఇక్కడ ఎవరూ విచారంగా అనరు,
తెల్లారింది అన్నట్టు అంటారు.

ఫ్రెమా కొట్లో కుప్పంతా తిరగేస్తే
ఏదో వ్యానుది ఒకటి దొరికింది. ఓడలో వచ్చిన సరుకు.
చుట్ల మధ్య పొక్కులు పొక్కులుగా తుప్పు.
"అక్కడ మంచు పడితే రోడ్లకి ఉప్పు చల్లుతారట,
బండ్లని ఊరగాయ పెట్టుకోడానికి కాబోలు" అంది ఫ్రెమా.
దారిలో ఎవరూ చూడకుండా నాలికతో ముట్టి చూశాను.
ఇనప రుచే.

పాతదాని పక్కన నిలబెడితే
అది ఎడ్డెమంటే ఇది తెడ్డెం.
ఒక చుట్టు ఎక్కువ, తీగ లావు.
గ్యాసు మంట తెస్తానన్నాను.
"మంట తగిలితే దాని పొగరు చస్తుంది.
పొగరు లేని స్ప్రింగు ఉట్టి తీగ"
అని రంపం చేతికిచ్చాడు.
మూడు బ్లేళ్ళు, ఒక మధ్యాహ్నం.
కొయ్యడం, నీళ్ళు పొయ్యడం, కొయ్యడం.

షాకబ్సర్బర్ల కత వేరే.
కుడిది కొత్తది, పసుప్పచ్చ.
ఎడమదానికి కంపెనీ పేరు చిరిగిపోయింది,
దాని కన్ను పెద్దది, మా బోల్టు సన్నం.
నీళ్ళ గొట్టం ముక్క తొడిగి,
లారీ టైరు కోసి చుట్టూ కూరాం.

బండి దించాక
చక్రం మీది ఖాళీ వేళ్ళతో కొలిచాను.
కుడి పక్క నాలుగు, ఎడమ పక్క అయిదు.
"ఎవరి వేళ్ళు?" అన్నాడు బెడియాకో.
తన చెయ్యి పెట్టాడు. జాకీ జారిన ఏడు
రెండు పోగా మిగిలిన మూడు వేళ్ళ చెయ్యి
అటూ పట్టింది, ఇటూ పట్టింది.
"సమానం."

సెర్వా నమ్మలేదు.
రెండు పక్కలా ఒక్కో ట్రే పెట్టుకుని
మాంపోంగ్ దారిన పోయి గంటకి వచ్చింది.
ఎడమ పక్క ముప్ఫైకి ముప్ఫై.
కుడి పక్క రెండు చిట్లాయి.
మా ముగ్గురికీ ఏమనాలో తోచలేదు.
ముందు తేరుకున్నది ఆవిడే,
బేరం మొదలెట్టింది.

సగం డబ్బు, సగం గుడ్లు.
చిట్లినవి రెండూ కొసరు.
పెద్ద గుడ్లన్నీ ఎడమ పక్కకి మార్చుకుని,
ఎవరో చెవిలో ఏదో చెబుతుంటే
కుడివైపు ఒరిగి వింటున్నట్టు
బండి సందు మలుపు తిరిగింది.

నేను కోసి తీసిన ఆ ఒక్క చుట్టు
ఇప్పుడు మా గంజి గిన్నెకి కుదురు.
స్ప్రింగు ముక్క కదా, సమంగా కూర్చోదు.
ఒక పక్క ఎత్తు.
పొద్దున్నే మొక్కజొన్న గంజి
ఒక అంచు దాకా వచ్చి
ఆగుతుంది.